శిలాగర్భమును ప్రశ్నించిన సాధనములు



చమురు భూగర్భమున చెరువువలె నిలిచియుండునని పలువురు తలంతురు. అది సరికాదు. చమురు రాతియందలి సూక్ష్మరంధ్రములలో నిమిడియుండును. లోకమందలి చమురులో పెద్దభాగము సున్నపురాళ్లలోనే కలదు. అయితే రాతిలో చమురుండుట వేఱు, ఆ రాయి దానిని విడుచుట వేఱు. బిగువైన సున్నపురాయి లోభివంటిది, కలిగియు నీయదు. అది యిచ్చునో యీయదో తెలిసికొనుటకు మానవుడు కల్పించిన సాధనముల చరిత్రను నేడు మనవి చేసెదను.

ఇందలి యుపాయము మన రైతు లెఱిగినదే. క్రొత్తబావిలోని నీటిని తోడించి, ఊట యెంతసేపటికి పూర్వపుమట్టమునకు వచ్చునో గట్టున గూర్చుండి చూతురు. చమురుబావియందును కొంత ద్రవమును లాగి, రాతిలోని ఒత్తిడి మరల నెంత వేగముగా పెరుగునో కొలుతురు.

1908 మే 26వ తేదీని పారశీకదేశమందలి మస్జిదె సులేమాన్ వద్ద, సుమారు 1,180 అడుగుల లోతునుండి చమురు పైకెగసెను. అచ్చటి అస్మారీ సున్నపురాయి స్వతః బిగువైనదే. దానిలోని చీలికలే చమురును బావికి జేర్చినవి. అట్టి రాతిలో ఒకచోటి సమాధానము ప్రక్కచోటికి చెల్లదు.

బావి త్రవ్వునపుడు దానినిండ బురదనీరుండును. దాని బరువు చమురును రానీయదు. 1926లో అమెరికాయందలి ఆర్కన్సా రాష్ట్రమున, ఎల్డొరాడో వద్ద, జాన్‌స్టన్ సోదరులు త్రవ్వుగొట్టము చివర బిరడాను, కవాటమును అమర్చి దింపిరి. బిరడా పైబురదను ఆపును. కవాటము తెఱవగా రాతిలోని ద్రవము ఖాళీగొట్టములోనికి వచ్చును. ఈ పరీక్ష బావికి చాలదూరము వఱకు రాతిగుణమును తెలుపును. కాని వ్యయము, కాలవిలంబము, వాయువు పైకెగయు ప్రమాదము దీనికి గలవు.

1955లో ష్లంబర్జర్ సంస్థవారు లోహపుతీగపై దింపెడి సాధనమును తెచ్చిరి. దాని మూతి బావిగోడకు హత్తుకొని ద్రవమును పీల్చును. 1970 దశకమున వచ్చిన సాధనము ఒక్కమాఱు దింపిన పలుచోట్ల ఒత్తిడిని కొలువగలిగెను. ఇది చౌక, శీఘ్రము. అయినను మూతి తాకునది రూపాయిబిళ్లయంత చోటు మాత్రమే. బిగువురాతిలో అచ్చట చీలిక లేకున్న ఏమియు రాదు. మఱియు గోడలోనికి ఇంకిన బురదనీటి ఒత్తిడి త్వరగా చెదరక, రాతి నిజపు ఒత్తిడికంటె నెక్కువ చూపును.

1990 ప్రాంతమున తీగసాధనమునకే రెండు ఉబ్బెడి బిరడాలను చేర్చిరి. వాని నడుమ సుమారు ఒక మీటరు గోడ యంతయు ప్రశ్నింపబడును. మూతి తాకుచోటికంటె నిది వేలరెట్లు పెద్దది. చీలికలు తగులుట కవకాశ మెక్కువ. అయినను గోడ గరుకైనచో బిరడా సరిగా బిగియదు. దూరపురాతిని గూర్చి గొట్టపుపరీక్ష చెప్పినంత యిది చెప్పలేదు.

కావున ఒకటి వచ్చినంతమాత్రమున మఱియొకటి త్రోసివేయబడలేదు. మూతితో పలుచోట్ల తాకి చూచుట, సందేహము గలచోట జంటబిరడాలను నిలుపుట, నిర్ణయమునకు గొట్టపుపరీక్ష చేయుట యుక్తము.

నేను తర్కము చదివిననాడు గురువులు యోగ్యానుపలబ్ధిని బోధించిరి. వెలుతురున్న గదిలో కుండ కనబడనిచో కుండ లేదనవచ్చును. చీకటిగదిలో కనబడనంతమాత్రమున లేదనరాదు. బిగువురాతికి మూతి నానించి, చమురు రాలేదని బావిని సిమెంటుతో పూడ్చుట చీకటిలో కుండను వెదకుటయే. లక్షలు వెచ్చించిన బావిని విడుచుటకు ముందు, ఈ సాధనము ఈ రాతిని ప్రశ్నింప దగినదేనా యని విచారింపవలయును.