పదిహేను మంది మగవాళ్ళు, ఇద్దరు స్త్రీలు

ఒక వీధి మలుపు. పదిహేను మంది మగవాళ్ళు. వాళ్ళ మధ్యనుంచి పొడగరి యువతి ఒకామె, శాలువా చేత్తో బిగించి పట్టుకుని, చూపు ఎవరిమీదా నిలపకుండా నడిచిపోతోంది. మగవాళ్ళ చూపులు మాత్రం దాదాపు అన్నీ ఆమె మీదే. ఒకడు పెదాలు ముందుకు చాచాడు. ఇంకొకడి చెయ్యి ఎక్కడుందో చూస్తే మనకే ఇబ్బందిగా ఉంటుంది. 1951 ఆగస్టు 22న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో రూత్ ఓర్కిన్ తీసిన ఈ నలుపు తెలుపు ఫొటో పేరు ‘అమెరికన్ గర్ల్ ఇన్ ఇటలీ’.

మొదటిసారి చూసినప్పుడు నాకు ఇటలీ గుర్తు రాలేదు. కోఠీ బస్టాపు గుర్తొచ్చింది. చున్నీ సర్దుకుని, బ్యాగు ముందుకు లాక్కుని, ఎవరి కళ్ళలోకీ చూడకుండా నడిచే నడక మనలో ఎవరికి తెలియదు? జయప్రభ ‘చూపులు’ కవిత చదువుకున్న కళ్ళతో ఈ ఫొటో దగ్గరికి వెళ్ళే వాళ్ళం మనం. వీధిలో స్త్రీకి జరిగే వేధింపుకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అనిపిస్తుంది.

కానీ ఫొటోలోని స్త్రీ ఈ మాట ఒప్పుకోలేదు. ఆమె పేరు నినాలీ ఆలెన్. పెళ్ళయ్యాక నినాలీ క్రెయిగ్. అందరూ జింక్స్ అని పిలిచేవారు. 2018లో తొంభై ఏళ్ళ వయసులో చనిపోయేవరకూ, అడిగిన ప్రతివారికీ ఆమె ఒకటే చెప్పింది: ఇది వేధింపు బొమ్మ కాదు, హాయిగా తిరుగుతున్న ఒక స్త్రీ బొమ్మ అని. ఆ క్షణంలో తనని తాను డాంటే కావ్యంలోని బియాట్రిస్‌గా ఊహించుకున్నానని కూడా చెప్పింది.

స్త్రీల అనుభవానికి స్త్రీలే సాక్షులు అంటూ వచ్చిన మనం ఇప్పుడు ఏం చేయాలి? ఆమె మాట నమ్మి మన చదువుని వదులుకోవాలా? లేక ఆమె పితృస్వామ్యాన్ని ఒంటబట్టించుకుందని తీర్పు చెప్పి ముందుకు పోవాలా? రెండూ తేలిక దారులే. ఏదో ఒకటి ఎంచుకునే ముందు ఆ ఫొటో ఎలా తయారయిందో చూడాలి.

ఓర్కిన్ 1921లో పుట్టింది. తల్లి మేరీ రూబీ మూకీ సినిమాల నటి. పదిహేడేళ్ళకే, 1939లో, లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్కుకి సైకిలేసుకుని బయల్దేరిన పిల్ల ఓర్కిన్. సినిమా కెమెరా పట్టుకోవాలని ఆశపడి ఎం.జి.ఎం. స్టూడియోలో ఉత్తరాలు, కాగితాలు అందించే పనిలో చేరింది. ఛాయాగ్రాహకుల యూనియన్‌లో ఆడవాళ్ళకి సభ్యత్వం లేదని తెలిశాక అది మానేసి, ఫొటోలవైపు వచ్చింది. 1951లో ‘లైఫ్’ పత్రిక పనిమీద ఇజ్రాయెల్ వెళ్ళి, అక్కడినుంచి ఇటలీ చేరింది. అప్పటికి ఆమెకి ఇరవై తొమ్మిదేళ్ళు. ఫ్లోరెన్స్‌లో ఆర్నో నది పక్కన ఒక చవక హోటల్లో ఇరవై మూడేళ్ళ జింక్స్ పరిచయమయింది. ఇద్దరూ ఒంటరిగా, తక్కువ డబ్బుతో తిరుగుతున్నవాళ్ళు. ఒంటరి ప్రయాణంలో తమకి ఎదురైనవి చెప్పుకున్నారు. ఆ మాటల్లోంచి పుట్టిన ఆలోచనే ఈ ఫొటోలు. మర్నాడు ఇద్దరూ కలిసి వీధుల్లోకి వెళ్ళారు.

ఆ మలుపు దగ్గర జింక్స్ ఒకసారి నడిచింది. ఓర్కిన్ ఫొటో తీసింది. మళ్ళీ ఒకసారి నడవమంది. కెమెరా వైపు చూడొద్దని మిగతావాళ్ళకి చెప్పమని స్కూటరు మీదున్న మనిషికి చెప్పింది. తీసినవి రెండే రెండు. అందులో రెండోదే మనం చూసేది. మగవాళ్ళని ఎవరూ పోగుచేయలేదు, అలా చూడమని ఎవరూ చెప్పలేదు. నడక మాత్రం రెండోసారి నడిచిన నడక. కార్టియె బ్రెసాన్ ‘నిర్ణాయక క్షణం’ పుస్తకం వచ్చింది ఆ మరుసటి ఏడాదే, 1952లో. ఎదురుచూసి, జోక్యం చేసుకోకుండా, క్షణాన్ని పట్టుకోవడమే వీధి ఫొటోగ్రఫీ ధర్మమన్న మాట తర్వాత స్థిరపడింది. ఆ కొలతతో కొలిచి, ఓర్కిన్ ఫొటో నాటకమా నిజమా అని దశాబ్దాలపాటు అడిగారు. కానీ మగవాళ్ళ మధ్య ఎవరికంటా పడకుండా నిలబడి ఎదురుచూడగల సౌకర్యం ఆమెకి ఎక్కడిది?

కంపోజిషన్ అంటే ఫ్రేములో అందమైన అమరిక అనుకుంటాం. సాహిత్య విద్యార్థినిగా నాకది వాక్య నిర్మాణంలా కనిపిస్తుంది. ఎవరు కర్త, ఎవరు కర్మ అన్నది అక్కడే తేలిపోతుంది. ఈ ఫొటోలో పదిహేను చూపులూ గీతల్లా వెళ్ళి ఒకే బిందువులో కలుస్తాయి. ఆ లెక్కన ఆమె కర్మ. కానీ మగవాళ్ళు నిలబడి, కూర్చుని, ఆనుకుని ఉన్నారు. ముందుకు సాగుతున్నది ఆమె. క్రియ ఆమెదే. మన చూపు గీతలవెంట వెళ్తే భయం కనిపిస్తుంది. అడుగువెంట వెళ్తే ధీమా కనిపిస్తుంది. రెండు చదువులకీ అదే ఫ్రేములో ఆధారం ఉంది.

నలుపు తెలుపు చేసిన పని కూడా తక్కువది కాదు. ఆ శాలువా నిజానికి నారింజ రంగుది. రంగులో చూసివుంటే కన్ను ముందు దానిమీదే పడేది, ఒక సరదా ప్రయాణంలా తోచేది. బూడిద రంగులోకి మారాక రంగు పోయి, దాన్ని పట్టుకున్న పిడికిలి మిగిలింది. ఆ శాలువా తనకి డాలులాంటిదని జింక్స్ తర్వాత చెప్పింది. డాలు అవసరమైన సంతోషం ఎలాంటిదో మనకి తెలుసు.

1952లో ఈ ఫొటో ‘కాస్మొపాలిటన్’ పత్రికలో అచ్చయింది. ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్ళకి ధైర్యం చెబుతూ, డబ్బు గురించి, మగవాళ్ళ గురించి సలహాలిచ్చే పేజీల్లో. ఒంటరిగా తిరిగే అమ్మాయి రోజుని చెప్పే వరస ఫొటోల్లో ఇదొకటి. కాలక్రమంలో ఆ వరసలోంచి ఇదొక్కటే విడిపోయి పోస్టరయింది. ధైర్యం చెప్పడానికి తీసిన బొమ్మ, పక్కనున్నవి పోయాక భయం బొమ్మ అయింది. కథా సంపుటిలోంచి ఒక్క కథని తీసి వేరే సంకలనంలో పెడితే అర్థం మారినట్టే ఇదీ.

ఇక్కడ మరో పుస్తకాన్ని పక్కన పెట్టి చూడాలి. అమెరికన్ వీధి ఫొటోగ్రాఫర్ గారీ వినోగ్రాండ్ 1975లో ‘విమెన్ ఆర్ బ్యూటిఫుల్’ అనే పుస్తకం వేశాడు. నిండా వీధుల్లో కనిపించిన స్త్రీల నలుపు తెలుపు ఫొటోలు. అదే ఏడాది లారా మల్వీ సినిమాలో మగ చూపు గురించిన తన ప్రసిద్ధ వ్యాసం అచ్చువేసింది. వినోగ్రాండ్ ఫొటోల్లో చూస్తున్న మగవాడు కెమెరా వెనక ఉన్నాడు, కాబట్టి కనిపించడు. ఓర్కిన్ అతన్ని తెచ్చి కెమెరా ముందు నిలబెట్టింది. ఎప్పుడూ చూసేవాడే ఇక్కడ చూడబడ్డాడు. మల్వీ సిద్ధాంతానికి ఇరవై నాలుగేళ్ళ ముందే ఒక స్త్రీ, మరో స్త్రీ నడక సాయంతో, చూపునే ఫొటో తీసింది. ఫ్రేములో లెక్కకు రాని ఆ రెండో స్త్రీని మరిచిపోతే ఈ ఫొటో సగమే చదివినట్టు.

ఇప్పుడు జింక్స్ మాట దగ్గరికి వస్తాను. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు ఆ రోజుల్ని ఉత్సాహంతోనూ తలుచుకున్నారు, ఆ తర్వాత మిగిలిన నిరాశతోనూ తలుచుకున్నారు. వాళ్ళ సంతోషాన్ని అమాయకత్వమని కొట్టిపారేస్తే పోరాటం అర్థం కాదు. ఆ సంతోషం ఒక్కటే తీసుకుంటే పార్టీ వాళ్ళని మళ్ళీ వంటింటికి పంపిన చరిత్ర మాయమవుతుంది. సాక్ష్యాన్ని వినే పద్ధతి మనకి ఆ పుస్తకం నేర్పింది.

ఆ రోజు తనకేమనిపించిందో జింక్స్‌దే చివరి మాట. దానిమీద మనకి హక్కు లేదు. కానీ ఒక స్త్రీ నడిచి వెళ్ళడానికి పదిహేను మంది చూపుల మధ్యనుంచి దారి వేసుకోవలసిన వీధి ఎలాంటిదో చెప్పడానికి ఆమె అనుమతి అక్కర్లేదు. ఒకటి అనుభవం, రెండోది ఏర్పాటు. ఆ ఏర్పాటు లోపలే ఆమె తన ఆనందాన్ని వెతుక్కుంది. వెతుక్కోగలిగింది కనుక ఏర్పాటు న్యాయమైపోదు. ఏర్పాటు అన్యాయమైంది కనుక ఆమె ఆనందం అబద్ధమైపోదు.

ఓర్కిన్ 1978లో ‘ఎ వరల్డ్ త్రూ మై విండో’ అనే పుస్తకం వేసింది. న్యూయార్కులోని తన ఇంటి కిటికీలోంచి సెంట్రల్ పార్కుని తీసిన ఫొటోలు అవి. 1985లో చనిపోయింది. వీధి నుంచి కిటికీకి ఆమె చేసిన ప్రయాణాన్ని కూడా చరిత్రగా చదవవలసిన పని ఇంకా మన ముందుంది.