రేడియం లేని ‘రేడియం’

లారీ వెనక ఎర్రగా మెరిసే పట్టీని రేడియం అంటాం. నంబరు ప్లేట్లకు అక్షరాలు అంటించే కొట్టు రేడియం షాపు. పిల్లల గది పైకప్పు మీది ఆకుపచ్చ చుక్కలు రేడియం చుక్కలు. చీకట్లో ముళ్లు కనిపించే గడియారం రేడియం వాచీ. ఇవాళ బజారులో కొనే ఈ సరుకులో వీసమెత్తు రేడియం ఉండదు. లారీ పట్టీకైతే సొంత వెలుగే లేదు. వెనక వచ్చే బండి లైటును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది, అంతే. పైకప్పు చుక్కల సంగతి వేరు. అవి వెలుగును తాగి దాచుకుని, చీకటి పడ్డాక కొద్దికొద్దిగా బయటికి వదులుతాయి.

పేరు నిలిచి సరుకు మారిపోయిన ఈ వైనం మీద నాకు ధ్యాస కలిగింది ఒక టార్చిలైటు వల్ల. కరెంటు పోగానే ఇంటిల్లిపాదీ టార్చి కోసం వెతుకుతాం. ఆ టార్చిని వెతకడానికి ఇంకో టార్చి కావాలి. ఈ తడుములాట పడలేక, దాని అద్దం చుట్టూ చీకట్లో వెలిగే ఉంగరం ఒకటి ఇంట్లోనే పోసి తగిలించాను. పట్టిందల్లా చెంచాడు పొడి, కాస్త సిలికాన్. ఆ చెంచాడు పొడి మన చేతికి అందడానికి మాత్రం దాదాపు నాలుగు వందల ఏళ్లు పట్టింది. మధ్యలో ప్రాణాలు కూడా పోయాయి.

బంగారం కోసం కాల్చిన రాయి

ఇటలీలోని బొలోనా నగరంలో విన్సెంజో కషారోలో అని చెప్పులు కుట్టే ఆయన ఉండేవాడు. చేతిపని చెప్పులది, మనసంతా రసవాదం మీద. 1603 ప్రాంతంలో ఊరికి దగ్గరున్న పదెర్నో కొండ మీద ఆయనకు విచిత్రమైన రాళ్లు దొరికాయి. పరిమాణం చూస్తే చిన్నవి, చేతిలోకి తీసుకుంటే మహా బరువు. ఇంత బరువున్న రాయిలో బంగారం ఉండకపోతుందా అని ఇంటికి తెచ్చి బొగ్గులతో కలిపి కాల్చాడు. బంగారం రాలేదు. కాల్చిన రాయిని ఎండకు చూపించి చీకట్లోకి తెస్తే మాత్రం నిప్పుకణికలా ఎర్రగా వెలిగింది. ముట్టుకుంటే వేడి లేదు. కాసేపటికి ఆరిపోయింది. మళ్లీ ఎండకు పెడితే మళ్లీ వెలిగింది.

ఆ బరువు రాయి మనకు కొత్తది కాదు. అది బెరైటీసు, మన వాడుకలో ముగ్గురాయి. కడప సీమలో రైల్వే కోడూరు దగ్గరి మంగంపేట గనుల్లో తవ్వుతున్నది ఆ జాతి రాయినే. ప్రపంచంలోని అతి పెద్ద బెరైటీసు నిక్షేపాల్లో మంగంపేట ఒకటి. ఆ బరువే దానికి గిరాకీ తెచ్చింది: చమురు బావులు తవ్వేటప్పుడు లోపలినుంచి తన్నుకొచ్చే ఒత్తిడిని అదిమిపెట్టడానికి దీని పొడిని బురదలో కలిపి బావిలోకి పంపుతారు.

రసాయనం భాషలో ముగ్గురాయి బేరియం సల్ఫేటు. బొగ్గుతో కాలిస్తే అందులోని ఆక్సిజన్ పోయి బేరియం సల్ఫైడు మిగులుతుంది. అయితే ఏ ముగ్గురాయిని కాల్చినా అలా వెలగాలని లేదు. బొలోనా రాయి వెలుగుకు కారణం అందులో సహజంగా కలిసి ఉన్న రాగి జాడలని ఈ శతాబ్దంలో జరిగిన పరిశోధనలో తేలింది. బియ్యంలో, పాలల్లో కల్తీ అంటే తిట్టుకుంటాం కానీ ఈ చరిత్రలో మొదటినుంచి చివరిదాకా పని చేసింది కల్తీయే.

బొలోనా రాయి యూరప్ పండితులను ఒక ఊపు ఊపింది. గెలీలియో చేతికీ చేరింది. 1640లో ఫోర్తూనియో లిచేటి అనే పండితుడు దీని మీద పుస్తకమే రాసి, నెలవంక చీకటి భాగంలో లీలగా కనబడే వెలుగు కూడా ఇలాంటిదే, చంద్రుడు సూర్యకాంతిని తాగి వదులుతున్నాడు అన్నాడు. అప్పటికి చూపు పూర్తిగా పోయిన గెలీలియో ఒప్పుకోలేదు. అది భూమి మీద పడి చంద్రుడి మీదికి తిరిగి వెళ్లిన ఎండేనని జవాబు రాయించాడు. గెలీలియో మాటే నిజం.

ఆల్చిప్పల నుంచి రంగుడబ్బాకు

కషారోలో తర్వాత ఈ విద్య ఇళ్లలో, చిన్న చిన్న పొయ్యిల మీదే సాగింది. 1768లో లండన్‌లో జాన్ కాంటన్ అనే బడిపంతులు ఆల్చిప్పలను కాల్చి పొడి చేసి, గంధకం కలిపి, మళ్లీ కాల్చాడు. వచ్చింది కాల్షియం సల్ఫైడు. కొండలెక్కి ప్రత్యేకమైన రాయి కోసం వెతికే పని తప్పింది. 1866లో ఫ్రాన్స్‌లో తెయోదోర్ సిదో జింకు సల్ఫైడు స్ఫటికాలు తయారుచేశాడు. మరో వంద సంవత్సరాలు ఈ రంగాన్ని ఏలింది అదే. 1870లలో ఇంగ్లండులో బాల్‌మెయిన్ అనే రసాయనవేత్త కాల్షియం సల్ఫైడుతో చేసిన వెలిగే రంగు అమ్మకానికి వచ్చింది. అగ్గిపెట్టె కనబడాలన్నా గడియారం కనబడాలన్నా జనం దాన్నే పూశారు. నా టార్చికి పట్టిన బాధే వాళ్లదీనూ.

వీటన్నిటికీ ఉన్న లోపం ఒకటే: వెలుగు గంట సేపు కూడా గట్టిగా నిలవదు. అర్ధరాత్రి లేచి చూసేసరికి గడియారం నల్లగా ఉంటుంది. వెలుగు తాగకుండానే తెల్లవార్లూ వెలిగేది ఏదైనా కావాలి. ఆ కోరికే రేడియాన్ని ఇంట్లోకి పిలిచింది.

రేడియం అడుగుపెట్టింది

రేడియో ధార్మికత బయటపడిందే ఈ వెలిగే లవణాల వల్ల. తండ్రి నుంచి ఈ శాస్త్రాన్ని వారసత్వంగా అందుకున్న ఆన్రీ బెకెరెల్, ఎండ తాగిన యురేనియం లవణం ఎక్స్ కిరణాలు వదులుతుందేమో చూద్దామని 1896లో ప్రయోగాలు చేశాడు. మబ్బు పట్టి ఎండ లేకపోయేసరికి లవణాన్ని, నల్ల కాగితంలో చుట్టిన ఫొటో ప్లేటును సొరుగులో పెట్టేశాడు. తర్వాత ప్లేటు కడిగి చూస్తే ఎండతో పని లేకుండానే మచ్చ పడి ఉంది. రెండేళ్లకు, 1898లో, క్యూరీ దంపతులు రేడియాన్ని కనిపెట్టారు.

జింకు సల్ఫైడులో రవ్వంత రేడియం కలిపితే ఎండా దీపం అక్కర్లేదు. రేడియం కిరణాలు రాత్రీ పగలూ తాకుతూనే ఉంటాయి, జింకు సల్ఫైడు మెరుస్తూనే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లోని సైనికులకు చీకట్లో టైము తెలియాలి. రేడియం వాచీలకు గిరాకీ ఆకాశానికి అంటింది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ పట్టణంలోని ఫ్యాక్టరీలో ఈ రంగు వేసే పని పడుచు పిల్లలది. అంకె సన్నగా రావాలంటే కుంచె మొన సూదిలా ఉండాలి. అందుకని కుంచెను పెదాల మధ్య పెట్టి మొన తీసి, రంగులో ముంచి, అంకె దిద్దడం వాళ్లకు నేర్పిన పద్ధతి. దిద్దిన ప్రతి అంకెకూ కాస్త రేడియం కడుపులోకి పోయింది. ఆ రంగు ఏమీ చెయ్యదని చెబితే నమ్మి, సరదాకి గోళ్లకు కూడా పూసుకున్నారు.

రేడియం ఒంట్లో కాల్షియంలా మెలుగుతుంది, తిన్నగా ఎముకల్లో చేరుతుంది. పళ్లు ఊడిపోయాయి, దవడ ఎముకలు కుళ్లిపోయాయి, ఎందరో చనిపోయారు. 1927లో గ్రేస్ ఫ్రయర్, మరో నలుగురు ఆడవాళ్లు కంపెనీ మీద దావా వేశారు. మరుసటి ఏడు రాజీ కుదిరింది: ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, బతికున్నంత కాలం ఏడాదికి 600 డాలర్లు. ఆ రంగును తయారుచేసిన సబీన్ ఫాన్ సొచాకీని కూడా అదే రేడియం 1928లో బలి తీసుకుంది. పని చేసే చోట జబ్బు చేస్తే యజమాని జవాబు చెప్పాలన్న హక్కుకు అమెరికాలో బలం తెచ్చిన కేసుల్లో ఇదొకటి.

రేడియం వాచీలు ఆ తర్వాత కూడా కొన్ని దశాబ్దాలు నడిచాయి. క్రమంగా దాని స్థానంలోకి ప్రమాదం తక్కువైన ప్రొమీథియం, ట్రిటియం వచ్చాయి. మన ఇళ్లలోకి మాత్రం ఆ పేరు ఎంత గట్టిగా దిగబడిందంటే, చీకట్లో మెరిసే ప్రతి వస్తువుకూ అదే జాతి పేరయి కూర్చుంది.

గాదె, దాని కింది కన్నం

మలుపు జపాన్‌లో వచ్చింది. గడియారాలకు వెలిగే రంగు చేసే నెమోటో కంపెనీ పరిశోధకులు 1993లో స్ట్రాన్షియం అల్యూమినేటును పట్టుకున్నారు. నిజానికి యూరోపియం కలిపిన స్ట్రాన్షియం అల్యూమినేటు వెలుగుతుందని 1960లలోనే తెలుసు. జపాన్ వాళ్లు దానికి డిస్ప్రోసియం అనే మరో కల్తీ చిటికెడు జోడించారు. పాత జింకు సల్ఫైడు కంటే పది రెట్లు ప్రకాశం, పది రెట్ల కాలం. రేడియో ధార్మికత ఊసే లేదు. 1996లో ఆ వివరాలు శాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి.

లోపల జరిగేది గాదె వ్యవహారం. వెలుగు పడినప్పుడు స్ఫటికంలోని ఎలక్ట్రాన్లు పైకి ఎగిరి, కొన్ని అక్కడక్కడా ఉన్న గుంటల్లో చిక్కుకుంటాయి. అది గాదె నిండటం. డిస్ప్రోసియం వల్ల ఏర్పడే గుంటలు సరైన లోతులో ఉంటాయి. మరీ పల్లమైతే ఎలక్ట్రాన్ బయటికి రాలేదు, మరీ మెరకైతే నిమిషంలో గాదె ఖాళీ. గదిలో ఉండే మామూలు వేడి వాటిని ఒక్కొక్కటిగా కుదిపి బయటికి తీస్తుంది. బయటపడ్డ ప్రతి ఎలక్ట్రానూ తన చోటికి చేరుతూ ఒక ఆకుపచ్చ మెరుపును వదులుతుంది.

ఇది కంటితో చూడొచ్చు. వెలుగుతున్న ముక్కను ఫ్రీజరులో పెట్టి కొంతసేపాగి తియ్యండి. మందగించి ఉంటుంది. అరచేతిలో పెట్టుకోగానే మళ్లీ తేరుకుంటుంది. చలికి గాదె కన్నం మూసుకుంది, ఒంటి వేడికి తెరుచుకుంది.

టార్చికి ఉంగరం

1899లో అమెరికాలో డేవిడ్ మిసెల్ పేటెంటు పొందిన టార్చి మొదలు, తర్వాత వచ్చిన ఇత్తడి మూడు సెల్లుల లైట్ల దాకా అన్నిటిలోనూ తీగ బల్బే. ఆ పసుపు వెలుగులో నీలం పాలు తక్కువ, ఈ పొడికి ఆకలి తీరేది నీలంతో, అతినీల లోహితంతో. 1996లోనే జపాన్‌లోని నిచియా కంపెనీ తెల్ల ఎల్‌ఈడీని బజారులో పెట్టింది. తెల్ల ఎల్‌ఈడీ గుండె నీలం. దాని మీద పసుపు పొడి పూత ఉండబట్టి తెల్లగా కనిపిస్తుంది. కాబట్టి ఇప్పటి టార్చి వేసిన ప్రతిసారీ పక్కనున్న ఉంగరం కడుపు నింపుకుంటుంది. ఆర్పగానే ఉంగరం వెలుగుతుంది, టార్చి ఎక్కడుందో తెలుస్తుంది.

నేను చేసిన తీరు చెబుతాను. పొడి రెండు రకాలు: ముతకది ఎక్కువ సేపు వెలుగుతుంది, మెత్తటిది నున్నగా పరుచుకుంటుంది. ముతకది తీసుకున్నాను. తడి తగిలితే స్ట్రాన్షియం అల్యూమినేటు పాడవుతుంది కాబట్టి రేణువులకు పైపూత ఉన్న రకమే కొనాలి. పొడి, హార్డ్‌వేరు కొట్లో దొరికే పారదర్శకమైన సిలికాన్ సమానమైన తూకంలో కలిపాను. పల్చటి ఎపాక్సీతో మొదట చేసిన ఉంగరం చెడింది: పొడి బరువుకి అంతా అడుక్కి చేరి, ఒక పక్క వెలుగు, ఒక పక్క వట్టి గాజు. సిలికాన్ జావలా చిక్కగా ఉండబట్టి పొడి ఎక్కడిదక్కడ నిలుస్తుంది. కలపడానికి స్టీలు చెంచా పనికిరాదు. రేణువులు గట్టివి, స్టీలును గీకి బూడిద రంగు తెచ్చుకుంటాయి. ఐసుపుల్ల చాలు.

పెద్ద ప్లాస్టిక్ మూత నడిమధ్య చిన్న మూత బోర్లించి, రెండింటికీ వాజలీను రాసి, మధ్య సందులో ఈ ముద్దను పుల్లతో అదిమి నింపాను. సిలికాన్ ఆరేటప్పుడు వెనిగరు వాసన వేస్తుంది. ఆ వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం ఒక రోజు, ఉంగరాన్ని టార్చిలో పెట్టకూడదు. ఆ ఆవిరి లోపలి రాగి పూతలను తినేస్తుంది. అడుగున తెల్ల కాగితం చుట్టు ఒకటి వేస్తే వెనక్కి పోయే వెలుగు కూడా ముందుకే వస్తుంది. పొడి కలిపేటప్పుడు మూతికి మాస్కు ఉండాలి. నీళ్లు చొరకుండా కంపెనీ అమర్చిన నల్ల రబ్బరు చుట్టును మాత్రం తీసి దీన్ని పెట్టొద్దు. ఇంట్లో పోసిన ఉంగరం వెలగగలదు కానీ వానను ఆపలేదు.

మొదటి పావుగంట జోరు బాగుంటుంది. తర్వాత తగ్గుతుంది. అయినా చీకటికి అలవాటు పడిన కంటికి తెల్లవారుజామున కూడా పలచగా ఆనుతుంది. చీకట్లో మన కన్ను అన్నిటికంటే బాగా పట్టుకునే రంగుకు ఈ ఆకుపచ్చ దగ్గరిది.

చెప్పుల మనిషి పొయ్యిలో పుట్టిన వెలుగు ఫ్యాక్టరీకి వెళ్లి హంతకి అయింది, మందలింపు తిని బుద్ధిగా మళ్లీ మన వంటింటి బల్ల మీదికి వచ్చింది. ఇక పిల్లలతో కలిసి చేసుకోవచ్చు.

ఒక్క మాట. మీ ఇంట్లో తాతల నాటి రేడియం వాచీ ఉంటే దాని అద్దం విప్పకండి, ముళ్ల మీది రంగు గీకకండి, పాత మెరుపు తెప్పించాలని చూడకండి. అందులోని జింకు సల్ఫైడు దెబ్బతిని వెలగడం ఎప్పుడో మానేసి ఉంటుంది. రేడియం సగానికి తగ్గాలంటే మాత్రం 1,600 ఏళ్లు కావాలి. వందేళ్ల కిందట దిద్దిన అంకెలో ఇప్పటికి తరిగింది నూటికి నాలుగు పాళ్లే.