రాతగాడి చేతి నుంచి ఫోమ్ మెత్త వరకు

కంప్యూటరు ఉన్న బల్లల మీద నేడు కీబోర్డుకు ముందు ఒక ఫోమ్ మెత్త తరచుగా కనిపిస్తున్నది. వస్తువు కొత్తదే. అది ఉపశమింపజేయదలచిన బాధ మాత్రం మూడు వందల ఏళ్ల క్రితమే వైద్య గ్రంథాలకెక్కింది.

రోగిని "నీ వృత్తి ఏమిటి?" అని తప్పక అడగాలని వైద్యులకు బోధించినవాడు ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని. వృత్తి వ్యాధులపై 1700లో వెలువరించిన తన గ్రంథానికి 1713లో ఆయన చేర్చిన అధ్యాయాలలో లేఖకుల గురించినది ఒకటి. వారి బాధలకు ఆయన చూపిన కారణాలు మూడు: ఎడతెగక కూర్చోవడం, చేతిని ఒకే తీరున నిరంతరం కదిలించడం, తప్పు దొర్లరాదన్న మానసిక ఒత్తిడి. ఆయన ఎరిగిన ఒక నోటరీకి కుడిచేయి చచ్చుబడింది. పట్టుదలతో ఎడమచేత్తో రాయడం నేర్చుకోగా, కొంతకాలానికి ఆ చేతికీ అదే గతి పట్టింది. లోపం చేతిలో లేదు, పని తీరులో ఉన్నదని చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

పందొమ్మిదవ శతాబ్దంలో గుమాస్తాల సంఖ్య పెరిగింది. 1864లో లండన్ శస్త్రవైద్యుడు శామ్యూల్ సాలీ ఈ 'రాతగాళ్ల పక్షవాతం' గురించి ఉపన్యసించాడు. తరువాత టెలిగ్రాఫ్ మీట నొక్కే ఉద్యోగులకూ ఇదే బాధ వచ్చింది. 1908లో బ్రిటన్ దానిని నష్టపరిహారం పొందదగిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. అయినా ఇది శరీరానిదా, బలహీన మనస్తత్వానిదా అన్న వాదం ఆగలేదు. 1980ల ఆస్ట్రేలియాలో కీబోర్డు ఉద్యోగుల చేతినొప్పులు విరివిగా వెలుగులోకి వచ్చినప్పుడు అదే వాదం మళ్లీ తలెత్తింది.

ఆ అనుమానం మన దగ్గరా ఉన్నది. నేను వృత్తిలో ఉన్న రోజుల్లో ఒక స్టెనోగ్రాఫరు వేళ్ల తిమ్మిరితో వచ్చింది. సెలవు అడిగితే "టైపు కొడితే చేతులు పోతాయా?" అని పై అధికారి నవ్వాడట. నొప్పి కంటే ఆ నవ్వే ఆమెను ఎక్కువ బాధించింది.

టైపురైటరు పంక్తి ముగిసినప్పుడల్లా చేతిని పైకెత్తించేది. కాగితం మార్చేటప్పుడు కొంత విరామమిచ్చేది. కంప్యూటరు ఆ చిన్న విశ్రాంతులను తొలగించింది. ఇక మణికట్టులో ఒక ఇరుకు మార్గమున్నది. దానినే కార్పల్ టన్నెల్ అంటారు. తొమ్మిది స్నాయువులు, మీడియన్ నరం అందులో నుంచే సాగుతాయి. మణికట్టును పైకి గాని, కిందికి గాని బాగా వంచితే ఆ మార్గంలో ఒత్తిడి పెరుగుతుంది. బల్ల పదునైన అంచు దానికి తోడవుతుంది.

ఆ గట్టి అంచుకు ప్రత్యామ్నాయంగా వచ్చినదే ఫోమ్. 1937లో జర్మనీలో ఓటో బేయర్ బృందం పాలీయురెథేన్ రసాయనానికి పునాది వేసింది. 1966లో నాసా కోసం విమాన సీట్ల మెత్తలపై సాగిన కృషి నుంచి, ఒత్తిన ఆకారానికి ఒదిగి నెమ్మదిగా పూర్వరూపానికి వచ్చే మెమరీ ఫోమ్ పుట్టింది. మణికట్టు మెత్తలలోనూ నేడు ఇది వాడుకలో ఉన్నది.

అయితే పాఠకులు ఒక సంగతి గ్రహించాలి. ఈ మెత్త టైపు చేస్తున్నంతసేపూ ఆనుకోవడానికి కాదు. నడుమ ఆగినప్పుడు చేతిని ఆనించడానికి. అప్పుడు కూడా మణికట్టును కాక, అరచేతి మడమను దానిపై ఉంచాలి. మెత్త ఎత్తు కీబోర్డు ముందంచును మించరాదు. టైపు చేసేటప్పుడు మణికట్టు తిన్నగా ఉండాలి. ముంజేతులకు కుర్చీ చేతులో, బల్లో ఊతమివ్వాలి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రివేళ తిమ్మిరెక్కుతుంటే మెత్తలు మార్చుతూ కాలయాపన చేయక వైద్యుని చూడాలి. మధుమేహం, థైరాయిడ్ లోపం కూడా ఈ లక్షణాలకు దోహదం చేయవచ్చు.

రమజ్జీని చూపిన మూడు కారణాలలో ఫోమ్ మెత్త ఒక్కదానినీ పూర్తిగా తొలగించలేదు. అది చేతికి ఆసరా మాత్రమే. విరామం ఇవ్వవలసినది మనమే, మన చేత పని చేయించేవారే.