వంటగది పునర్నిర్మాణ వ్యయం (ఉత్తర తెలంగాణ)

వంటగది పునర్నిర్మాణం అంటే పాత గట్టు, అరలు, నీటి గొట్టాలు, విద్యుత్ తీగలను తొలగించి, నిపుణులైన పనివారి చేత కొత్తవి అమర్చించుకోవడం. 2016లో ఏర్పడిన జగిత్యాల జిల్లాలోని కొండగట్టు పరిసరాల్లో గట్టుపై పరిచే రాయికి కొదవ లేదు. విదేశాలకూ ఎగుమతయ్యే ‘టాన్ బ్రౌన్’ గ్రానైటు కరీంనగర్ క్వారీలదే కనుక, అంచనాలో రాయి కన్నా చెక్కపనికే పెద్దపీట వేయవలసి వస్తుంది. చదరపు అడుగు లెక్కన చెప్పే అరల ధరలో తలుపుల మడతబందులు, సొరుగుల పట్టాలు కలిశాయో లేదో ముందే కాగితంపై రాయించుకోవాలి. సింకు కింది అరకు మాత్రం, మరిగే నీటినీ తట్టుకునే జిగురుతో అతికించిన, ఐ.ఎస్. 710 ప్రమాణం గల ప్లైవుడ్ వాడాలి. అక్కడ చేసే పొదుపు నిలవదు. గొట్టాలు, తీగల పని రాయి పరచకముందే ముగియాలి. గోడ పగలగొడితేగాని బయటపడని లోపాల కోసం మొత్తంలో పదో వంతైనా విడిగా ఉంచుకోవడం మేలు.