లేని నేలకు లెక్క

మట్టిపనిలో ఒక తిరకాసు ఉంది. గోడ కట్టాక కొలుచుకోవచ్చు, తలుపు బిగించాక కొలుచుకోవచ్చు. గొయ్యి తవ్వాక కొలుద్దామంటే అక్కడ ఖాళీ తప్ప ఏమీ ఉండదు. పోనీ కుప్ప కొలుద్దామా అంటే, తవ్విన మట్టి పొంగుతుంది. నేల రకాన్ని బట్టి పావు వంతు, ఒక్కోసారి అంతకు మించి ఎక్కువ కనిపించవచ్చు. అదే మట్టిని కట్ట మీద పోసి దిమ్మిస కొడితే మళ్లీ అణుగుతుంది. కాబట్టి డబ్బు కట్టాల్సింది తవ్వకముందు అక్కడున్న నేలకు. ఆ నేలేమో పోయింది. పోయిన నేల ఎక్కడిదాకా ఉండేదో ఎవరు రాసిపెట్టారు, ఆ రాతను తర్వాత ఎవరు దిద్దారు? మా పనిలో తగాదాలన్నీ దీని మీదే.

మాది మాచర్ల దగ్గర మన్ను వడ్డెర కుటుంబం. తాత చెరువులు తవ్వాడు. నాయన నాగార్జునసాగర్ కుడికాలువ మీద పార పట్టాడు, అమ్మ తట్ట మోసింది. నేను హైదరాబాదులో కంప్యూటర్ ముందు కూర్చుని కాంట్రాక్టర్లకు మట్టి క్వాంటిటీలు తీస్తాను. ‘వాడు మౌసుతో తవ్వుతాడు’ అని మావాళ్ల ఎగతాళి.

చెరువు కొలతల గురించి మనకున్న పాత రాతల్లో నాకు ఇష్టమైనది కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం. 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరిలో ఉండి ఏలుతూ అక్కడ చెరువు కట్టించాడు. కట్ట పొడవు 5,000 రేఖాదండాలు (అప్పటి కొలకర్రలు), వెడల్పు 8, ఎత్తు 7 అని సంస్కృతంలో చెక్కించాడు. రోజూ వెయ్యిమంది మనుషులు, వంద బళ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు 12 అంగాలుండాలనీ, ఆరు దోషాలుండకూడదనీ చెబుతూ, నడుమ తాబేటి వీపులా నేల ఉబికి ఉండడాన్ని దోషాల్లో లెక్కేశాడు. ఆ ముక్క రాయించినవాడెవడో గట్టు మీద నిలబడి చూసినవాడే. కానీ ఆ కొలతలు నిలబడి ఉన్న కట్టకు. పని ముగిశాక ఎవరైనా వెళ్లి కొలుచుకోవచ్చు. గోతికి ఆ వీలు లేదు.

గోతికి మావాళ్ల ఉపాయం సాక్షి దిబ్బ. తవ్వే చోట అక్కడక్కడా మొలలాగా కొంచెం నేలను ముట్టకుండా వదిలేస్తారు. చుట్టూ తవ్వుకుపోతే అది గోతి నడుమ దిమ్మెలా నిలబడుతుంది. దాని నెత్తిన పాత నేల, పాత గడ్డి. కొలతకు వచ్చినవాడు దిబ్బ పైనుంచి కిందికి బద్ద పెట్టి లోతు చూస్తాడు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, అడుగు లోతు తీస్తే నూరు ఘనపుటడుగులు. మా నాయన కూలి ఆ నూటికి ఇంత అని. రోజుకూలికి మావాళ్లు ఒప్పుకునేవారు కాదు, గుత్తకైతేనే పార ఎత్తేవారు. కొలత అయ్యాక ఆ దిబ్బలనూ కొట్టేయాల్సిందే.

ఇందులో మోసాలున్నాయా? ఉన్నాయి. నేల కాస్త ఎత్తుగా ఉన్న చోటే చూసి దిబ్బ వదలడం మొదటి పాఠం. పైగడ్డిని చెక్కులా లేపి, కింద నాలుగు వేళ్ల మందాన తడిమట్టి పెట్టి, గడ్డిని మళ్లీ పరిచేయడం ముదిరినవాళ్ల విద్య. అందుకే తెలిసిన ఇన్‌స్పెక్టర్ బద్ద పెట్టకముందు గడ్డి పీకి చూసేవాడట. వేళ్లు లోపలికి దిగి ఉంటే నేల పాతది, పొరలా లేచి వస్తే దొంగది. వడ్డెరవాళ్ల టక్కులంటూ ఈ కథలు చెప్పి నవ్వుకునేవాళ్లు ఆఫీసుల్లో చాలామంది ఉన్నారు. ఇంకో వైపు కథ వాళ్లు చెప్పరు. బట్ట టేపు వాడగా వాడగా సాగుతుంది. సాగిన టేపుతో కొలిస్తే పది అడుగుల గొయ్యి తొమ్మిది అడుగుల తొమ్మిది అంగుళాలు చూపిస్తుంది. రెండు వైపులా అంతే పోతే నూరు ఘనపుటడుగుల గొయ్యి తొంభై అయిదు. నూటికి అయిదు అడుగుల మట్టిని మా అమ్మ ఉత్తినే మోసిందన్నమాట. గడ్డి పీకి చూసినవాళ్లు టేపును ఎవరైనా పీకి చూశారా?

కాలువలకు దిబ్బలు చాలవు. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట వెనక గోదావరి డెల్టా కాలువలు మైళ్లకు మైళ్లు సాగాయి. అంత దూరాన నీరు తనంతట తాను పారాలంటే వాలు అంగుళాల్లో తేలాలి. అక్కడ పనికొచ్చింది డంపీ లెవెల్, 1832లో విలియం గ్రావట్ అనే ఇంగ్లీషు ఇంజినీరు రూపొందించిన దుర్భిణి. మూడుకాళ్ల మీద అది, దూరాన నిలువుగా స్టాఫ్ పట్టుకున్న ఖలాసీ. కనిపించిన అంకెలను పుస్తకంలో వేసి, ఎత్తు ముందే తెలిసిన బెంచిమార్కుకు అక్కడి అంకెను కలిపి, అందులోంచి కొత్త చోటి అంకెను తీసేస్తే ఆ చోటు ఎత్తు వస్తుంది. దేశమంతటి ఎత్తులను ఒక్క మట్టానికి తెచ్చిన 1909 నాటి లెక్కకు తొమ్మిది రేవుల్లో సముద్రపు ఆటుపోట్లు చూశారు. వాటిలో మన విశాఖపట్నం ఒకటి. మాచర్ల పొలంలో గట్టు ఎత్తుకు విశాఖ అలలతో చుట్టరికం ఉందంటే మా నాయన నమ్మలేదు.

దుర్భిణి కన్నా గొప్పది నా దృష్టిలో ఎం బుక్కు. పాత మరామత్తు శాఖ పోయి పబ్లిక్ వర్క్స్ శాఖ వచ్చాక సర్కారు పనుల్లో డబ్బు కదలాలంటే ముందు మెజర్‌మెంటు బుక్కులో కొలత పడాలి. పేజీలకు ముందే నంబర్లు ఉంటాయి, ఒక్కటి చింపినా దొరికిపోతారు. సిరాతోనే రాయాలి. చెరపకూడదు, అంకె మీద అంకె దిద్దకూడదు. తప్పు పడితే అడ్డంగా గీత కొట్టి, పాత అంకె కనిపించేలా ఉంచి, పక్కన కొత్తది వేసి పొడి సంతకం, తేదీ పెట్టాలి. కొట్టేసినదీ పుస్తకంలోనే మిగులుతుంది. కిట్టించినవాళ్లు లేరని కాదు. అసలు లెవెల్సే చెట్టు కింద కూర్చుని రాసిన ప్రబుద్ధులున్నారు. కానీ రాసిన తర్వాత మార్చాలంటే మార్చినట్టు తెలియకుండా మార్చడం కష్టం. ఆ కష్టమే దాని విలువ.

అడుగులు పోయి మీటర్లు రావడం మా ఇంట్లో పెద్ద గొడవ. 1956 తూనికలు, కొలతల చట్టం తర్వాత లెక్కలు మెల్లగా మెట్రిక్‌లోకి మారాయి. సాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశాడు, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లొదిలారు. ఈ మార్పు ఆ నడుమనే వచ్చిపడింది. నూరు ఘనపుటడుగులంటే 2.83 ఘనపు మీటర్లు. నాయన చివరిదాకా అడుగుల్లోనే ఆలోచించాడు, మేస్త్రి చెప్పిన మీటర్లను నమ్మి సంతకం పెట్టాడు.

ఇక నా పని. టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రం వచ్చాక సర్వేయరు నుంచి నాకు చేరేది ఒక ఫైలు. ఒక్కో వరుసలో అయిదు ముక్కలు: పాయింటు నంబరు, తూర్పు, ఉత్తరం, ఎత్తు, వివరణ. 214వ పాయింటు, ఎత్తు 512.364, వివరణ ‘గట్టు’. సాఫ్ట్‌వేర్ ఈ చుక్కలన్నిటినీ త్రికోణాలతో కలిపి నేలను అల్లుతుంది. ఆ అల్లికకు పెట్టిన పేరు బోరిస్ డెలోనే అనే రష్యా లెక్కల పండితుడిది, 1934 నాటి పరిశోధన. తవ్వకముందు నేల ఒకటి, తవ్విన నేల ఒకటి, నడుమ ఉన్నది మట్టి.

అయితే త్రికోణానికి నేల తెలియదు. సర్వేయరు కట్ట పైన వరుసగా చుక్కలు తీసి, అడుగున తీయడం మరిచాడనుకోండి, దూరంగా పొలంలో ఉన్న చుక్కకు కట్ట మీదినుంచి త్రికోణం సాగిపోతుంది. తెర మీద కట్ట కాస్తా గుట్టవుతుంది, లేని మట్టి పుడుతుంది. అప్పుడు కట్ట అంచున, పాదం వెంట గీత కలిపి, త్రికోణాలు దాన్ని దాటకుండా కట్టడి చెయ్యాలి. చుక్కలే లేకపోతే కొత్తవి చేర్చాలి. నేను చేర్చినవాటికి 9001 నుంచి నంబర్లు వేసి, వివరణలో ‘ఊహ’ అని రాస్తాను. సైటులో కొలిచిందేదో, నేను కూర్చుని పెట్టిందేదో చూసేవాడికి తెలియాలి కదా.

దిద్దాల్సిన సందర్భాలు నిజంగానే వస్తాయి. తుప్పలు అడ్డొచ్చాయని కుర్రాడు యంత్రం గురిచూసే ప్రిజం కర్రను మీటరున్నర నుంచి రెండు మీటర్లకు పొడిగిస్తాడు, యంత్రంలో ఆ మాట చెప్పడు. అక్కడినుంచి తీసిన చుక్కలన్నీ అర మీటరు పైకి తేలతాయి. వాటిని పట్టుకుని అర మీటరు దించడం న్యాయమైన దిద్దుబాటు. చిక్కేమిటంటే, అన్యాయమైనదానికీ అదే మీట.

ఒక పనిలో ఓ కంపెనీవాళ్లు పంపిన పాత నేల ఫైలును నేను యంత్రంలోని అసలు రీడింగులతో పోల్చాను. ప్రతి చుక్కా సరిగ్గా అయిదు సెంటీమీటర్లు పైకి లేచింది. అయిదు సెంటీమీటర్లేగా అనుకోకండి. సైటు 200 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, అంటే వెయ్యి ఘనపు మీటర్లు. టిప్పరుకు పది చొప్పున నూరు టిప్పర్ల మట్టి, ఒక్క పార కదలకుండా. లేపినవాడు మొత్తం ఫైలును ఒక్కసారి ఎంచుకుని లేపినట్టున్నాడు, బెంచిమార్కుగా పెట్టుకున్న కల్వర్టు పిట్టగోడ కూడా రాత్రికి రాత్రే అయిదు సెంటీమీటర్లు పెరిగింది! అడిగితే ‘కరెక్షన్ అండీ’ అన్నారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నదానికి ఎక్కడా రాత లేదు.

సాఫ్ట్‌వేర్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. నేను వాడే సివిల్ 3డీలో నేల మీద చేసిన ప్రతి మార్పూ ఒక జాబితాలో వరుసగా పడుతుంది. పక్కన టిక్కు తీసేస్తే ఆ మార్పు లేని నేల మళ్లీ కనిపిస్తుంది. ఎం బుక్కులో అడ్డగీత చేసిన పనే అది. కానీ ఫైలును అందులోకి తేకముందే ఎక్సెల్‌లో అంకెలు మార్చి తెస్తే ఆ జాబితా శుభ్రంగా ఖాళీగా ఉంటుంది. సిరా, నంబరు వేసిన పేజీ లేని ఈ ఫైళ్ల విషయంలో మనుషుల మాట మీద ఆధారపడ్డాం. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీసినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. ఒక్క వాన పడి చెరువు నిండితే ముందు లెవెలూ తర్వాతి లెవెలూ రెండూ నీళ్లకింద. మిగిలేది ఫైలే.

ఇప్పుడు డ్రోన్లొచ్చాయి. సర్వేయరు తుప్పల్లోకి దిగక్కర్లేదు, పైనుంచి ఫొటోలు తీస్తే లక్షల చుక్కలు. ఫొటోకు కనిపించేది మాత్రం నేల కాదు, గడ్డి కొస. వానాకాలంలో జానెడు కన్నా తక్కువే, 15 సెంటీమీటర్ల గడ్డి హెక్టారు మీద ఉంటే లెక్కలో 1,500 ఘనపు మీటర్ల మట్టి అదనం. అందుకే ఎగరేయకముందు గడ్డి కోయించమంటాను. జంగిల్ క్లియరెన్సు కాంట్రాక్టరే చేసుకోవాలని ఆఫీసు, సర్వే ఖర్చులో కలపాలని కాంట్రాక్టరు. పోయిన వారం కూడా మీటింగు దీనిమీదే జరిగింది, టీ తాగి లేచారు.