ఓడెక్కని ఇంటిపేరు: నాయుడు 'నైడూ' అయిన చరిత్ర

పిల్లల్ని బడిలో చేర్చుకునే రోజుల్లో టీచరుగా నాకు ఏటా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. దరఖాస్తులో 'సర్‌నేమ్' అని ఒక గడి ఉంటుంది. చాలాసార్లు అది పేరు తర్వాత వస్తుంది. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది. పంగి, కొర్ర, కిల్లో, వంతాల అన్న తర్వాతే మనిషి పేరు. కొందరికి చివర దొర అనో పడాల్ అనో ఉంటుంది. ఎక్కడో కూర్చుని టైపు చేసే మనిషి ఆ చివరి మాటను తీసి సర్‌నేమ్ గడిలో పడేస్తాడు. ఒక ఏడాది మా బడిలో ఒకే తరగతిలో నలుగురికి ఇంటిపేరు 'దొర' అని వచ్చింది. అందులో ఇద్దరు మేనత్త మేనమామ బిడ్డలు. కాగితం చూస్తే మాత్రం ఒకే ఇంటివాళ్లు. అందరం నవ్వుకున్నాం. తర్వాత దాన్ని దిద్దించడానికి మూడుసార్లు మండలానికి తిరిగాం.

దిద్దించుకోగలిగాం కాబట్టి నవ్వుకున్నాం. అలాంటి గడి ఒకటి నూరేళ్లకు పైగా దిద్దేవాళ్లు లేకుండా ఉండిపోతే ఏమవుతుందో చూడాలంటే దక్షిణాఫ్రికాలోని నైడూల కథ తెలుసుకోవాలి. ఆ పేరు మన భాషలోదే.

నాయుడు అసలు ఇంటిపేరు కాదు. సంస్కృతంలోని నాయక అన్న మాట తెలుగులో నాయకుడై, నలిగి నాయుడైంది. కాకతీయుల కాలంలోనూ విజయనగర కాలంలోనూ సైన్యాన్ని పోషించే షరతు మీద ఊళ్లు పొందినవాళ్లను నాయకులన్నారు. ఆ ఏర్పాటు పేరు నాయంకరం. రాజ్యాలు పోయాయి, ఊళ్లు పోయాయి, మాట మాత్రం గౌరవంగా మిగిలింది. కమ్మ, కాపు, బలిజ, వెలమ, గవర ఇలా ఎన్నో కులాలవారి పేర్ల చివర అది కనిపిస్తుంది. లంబాడా తండా పెద్దను నాయక్ అంటారు కదా, అది కూడా ఈ చెట్టు కొమ్మే. ఈ రోజు ఎంతోమంది లంబాడా పిల్లల పేర్ల చివర నాయక్ ఉంటుంది. కానీ వాళ్ల ఇళ్లను వేరుచేసి చెప్పేవి భూక్యా, బానోత్, గుగులోత్ లాంటి ఇంటిపేర్లే.

అంటే తెలుగు నేలమీద ఒక మనిషి పేరులో మూడు ముక్కలుండొచ్చు. మన్యం తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆయన పేరు తీసుకోండి. గాం ఇంటిపేరు, మల్లు మనిషి పేరు, దొర గౌరవం. ఎవరి పిల్లను ఎవరికి ఇవ్వొచ్చో, ఎవరి చావుకు ఎవరు మైల పట్టాలో చెప్పేది మొదటి ముక్క. మూడోది ఊళ్లో ఎంతోమందికి ఉంటుంది, దానితో చుట్టరికం తేలదు. నాయుడు ఆ మూడో ముక్క.

ఈ మాట సముద్రం దాటకముందే సగం ప్రయాణం చేసింది. విజయనగర సేనలతో దక్షిణానికి వెళ్లిన తెలుగువాళ్లు మదురైలో, తంజావూరులో నాయక రాజ్యాలు ఏలారు. వాళ్ల వెంట వెళ్లి స్థిరపడిన కుటుంబాలు తరతరాలు తమిళుల మధ్య బతుకుతూ నాయుడు, నాయకర్ అనే పేర్లు నిలుపుకున్నాయి. కొన్ని ఇళ్లలో తెలుగు నిలిచింది, కొన్నింటిలో పోయింది. కాబట్టి మద్రాసు రేవులో నాయుడు అని చెప్పుకున్న మనిషి గోదావరి ఒడ్డునుంచి రావచ్చు, వేలూరు పక్కనుంచీ రావచ్చు.

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ రేవు చేరింది. నేటాల్ అప్పుడు బ్రిటిష్ వలస. అక్కడ తెల్లవాళ్లు చెరకు తోటలు వేశారు, పనిచేసేవాళ్లు చాల్లేదు. అయిదేళ్ల ఒప్పందం, మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు. ఆ ఒప్పందాన్నే కూలీలు గిర్మిట్ అన్నారు. 1866లో ఆగిన రాకపోకలు 1874లో మళ్లీ మొదలయ్యాయి. ఇంకో రెండేళ్లకు ధాత కరువు పడింది. 1911 వరకు ఇలా వెళ్లినవాళ్లు 1,52,184 మంది. మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఎక్కినవాళ్లే. ఉత్తర ఆర్కాడు, విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాలు వాళ్ల జాబితాల్లో ఉన్నాయి. నేటి చిత్తూరు ప్రాంతం అప్పుడు ఉత్తర ఆర్కాడులో భాగం.

ఆ జాబితాలు నేటికీ ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక నంబరు. ఆ పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాణా, ఊరు, చివర ఒంటి మీద గుర్తులు. మోకాలి మీద మచ్చకు గడి ఉంది. ఇంటిపేరుకు లేదు. పారిపోతే పట్టుకోవడానికి మచ్చ పనికొస్తుంది, ఇంటిపేరు దేనికి పనికొస్తుంది?

మొదటి తరానికి ఒంటి పేరు సరిపోయింది. తోటలో పిలిచేది నంబరుతోనో ఆ ఒక్క పేరుతోనో. గిర్మిట్ ముగించుకుని కూరగాయలు పండించేవాళ్లు, చిన్న అంగడి పెట్టేవాళ్లు వచ్చేసరికి కాగితాలు పెరిగాయి. పుట్టుక నమోదు, బడి, భూమి, లైసెన్సు అన్నింటికీ ఇంగ్లీషు పద్ధతిలో చివర ఒక వంశనామం కావాలి. కొందరు తండ్రి పేరు రాయించారు. ఎంతోమంది చివరనున్న గౌరవపు మాట రాయించారు. గుమాస్తా చెవికి వినబడినట్టు రాశాడు. ముదలి మూడ్లీ అయ్యాడు, గౌండర్ గోవెండర్ అయ్యాడు, నాయుడు చివర రెండు 'ఓ'లతో నైడూ అయ్యాడు. రెడ్డి ఒక్కడు పెద్దగా మారలేదు.

ఇంకో సంగతి కూడా జరిగింది. కొందరు పాత కులాన్ని ఓడలోనే వదిలేసి, ఇలాంటి గౌరవపు మాటను కొత్తగా తగిలించుకున్నారు. అడిగేవాడెవడు? వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఊళ్లో చెప్పులు చేతబట్టుకుని నడిచిన మనిషికి ఆ ప్రయాణంలో దొరికిన లాభం ఇదొక్కటేనేమో.

ఇక ఈ పేరు ఎక్కడెక్కడ ఉందో చూద్దాం. దక్షిణాఫ్రికాలో నైడూలు డర్బన్ చుట్టూ, తీరం వెంబడి వెరులం, తొంగాట్, స్టాంగర్ లాంటి చెరకు ఊళ్లలో గుంపుగా ఉంటారు. తోటలు అక్కడ ఉండటం ఒక కారణం మాత్రమే. అసలు కారణం చట్టాలు. గిర్మిట్ ముగిసినా తిరిగి వెళ్లకుండా ఉండిపోయిన వాళ్ల మీద 1895లో ఏడాదికి మూడు పౌండ్ల తలపన్ను వేశారు. నెలకు పది షిల్లింగులతో మొదలైన కూలికి అది ఆరు నెలల సంపాదన. కట్టలేనివాళ్లు మళ్లీ గిర్మిట్‌లోకి వెళ్లారు, లేదా ఇండియా ఓడ ఎక్కారు. పక్కనున్న ఆరెంజ్ ఫ్రీ స్టేట్ 1891లోనే భారతీయులు స్థిరపడకుండా తలుపు మూసింది. అది దాదాపు వందేళ్లు తెరుచుకోలేదు. 1913 నుంచి భారతీయులు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లాలన్నా అనుమతి కావాలి. ఆ కట్టు 1975 దాకా ఉంది. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టంతో ఎవరి రంగుకు ఏ పేట అన్నది కూడా ప్రభుత్వమే తేల్చింది. డర్బన్‌లో ఉన్న ఇళ్లు ఖాళీ చేయించి ఛాట్స్‌వర్త్‌కు, తర్వాత ఫీనిక్స్‌కు, జొహానెస్‌బర్గ్ వాళ్లను లెనేసియాకు తరలించారు. ఆ మూడు చోట్లా నేటికీ ఈ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. కాబట్టి పటంలో ఒక పేరు ఒకచోట చిక్కగా కనబడితే, ఆ మనుషులు అక్కడ ఉండాలనుకున్నారనే అర్థం చేసుకోకూడదు. అడవి నుంచి, డ్యాం కింది ఊళ్ల నుంచి లేచి కాలనీలకు వచ్చిన మనవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆ చట్టాలతో పోరాడినవాళ్లలో ముందువరసలో ఉన్నది కూడా ఒక నైడూనే. తంబి నైడూ 1875లో మారిషస్‌లో పుట్టాడు. చిన్నప్పుడే ట్రాన్స్‌వాల్ చేరి, బండ్లు తోలించి వ్యాపారం చేసుకున్నాడు. 1908లో గాంధీ మీద దాడి జరిగినప్పుడు అడ్డుపడి తానూ దెబ్బలు తిన్నాడు. 1913లో నేటాల్ బొగ్గు గనుల కూలీలను సమ్మెకు లేపినవాళ్లలో ఒకడు. మూడు పౌండ్ల పన్ను మరుసటేడు రద్దయింది. ఆయన మనవడు ఇంద్రెస్ నైడూ 1963లో పట్టుబడి రాబెన్ దీవిలో పదేళ్లు జైలుపాలయ్యాడు. మనవరాలు శాంతి నైడూ వినీ మండేలాకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పనని ఒంటరి చీకటి గది భరించింది.

తంబి నైడూ గురించి గాంధీ రాసినదాంట్లో ఒక ముక్క నన్ను ఆపింది. ఆయన్ను తమిళుడనే పరిచయం చేశాడు. తమిళం, హిందుస్తానీ మాట్లాడతాడని, తెలుగు కూడా కొంత తెలుసని, అయితే ఈ భాషల అక్షరాలు రావని చెప్పాడు. మారిషస్ క్రియోల్ బాగా వచ్చట. తెలుగు గౌరవం మోసే తమిళుడు, పుట్టింది ఫ్రెంచి మాటలు కలిసిన దీవిలో, పోరాడింది ఇంగ్లీషు చట్టాలతో. పేరు చూసి మనిషి భాష చెప్పడం ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది. 1924లో దక్షిణాఫ్రికా నైడూల మధ్యకు వెళ్లి ప్రసంగించిన సరోజినీ నాయుడు పుట్టింటివారు బెంగాలీలు కావడం ఇంకో తమాషా.

మారిషస్‌లో కథ కొంచెం వేరు. అక్కడ ఎక్కువగా తండ్రి పేరో తాత పేరో గడ్డకట్టి వంశనామమైంది. ఫ్రెంచిలో రాసే నవలాకారిణి నటాచా అప్పన్న పూర్తి పేరులో పాతరెడ్డి కూడా ఉంది. ఉత్తరాంధ్రలో అప్పన్న ఎంత మామూలు పేరో మీకు తెలుసు. సింహాచలం కొండమీది దేవుడి పేరు ఇప్పుడు పారిస్ పుస్తకాల అట్టల మీద ఉంది. ఆ దీవిలోనూ బర్మాలోనూ తెలుగువాళ్లను కొరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరుమీద. మనిషికి తన పేరు కాక, ఎక్కిన రేవు పేరు అంటుకుంది.

తెలుగువాళ్ల మాట చెప్పి ఆదివాసుల మాట వదిలేస్తే అన్యాయం. బానిసత్వం రద్దవుతున్న సమయంలో, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి మారిషస్ చేరింది. అందులో వచ్చిన 36 మంది ఛోటానాగ్‌పూర్ కొండలవాళ్లు. తెల్లవాళ్లు వాళ్లను 'కొండ కూలీలు' అనీ ధాంగర్లు అనీ పిలిచారు. నాలుగేళ్లకు ఇలాంటివాళ్లనే దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాకూ పంపారు. అంటే గిర్మిట్ చరిత్రలో మొదట నడిచింది ఆదివాసి కాలే. ఆ కొండల్లో ఉరావులకు తిర్కీ, కుజూర్, లక్డా, టోప్పో లాంటి గోత్రాల పేర్లున్నాయి. ఎలుక, తీగ, పులిజాతి మృగం, వడ్రంగిపిట్ట వాటి గుర్తులు. మన అరకు, పాడేరు వైపు కిల్లో అంటే పులి, పంగి అంటే గద్ద అయినట్టే. మనిషికి ఒకే పేరు రాసే జాబితాల్లో వాటికి చోటు దొరకలేదు. రాంచీ పక్కన ఇప్పుడు ప్రతి బడి రిజిస్టర్లోనూ అవే వంశనామాలు. కొండ దిగి ఓడెక్కిన వాళ్ల సంతానంలో అవి వెతికితే దొరకవు.

ఫిజీకి గిర్మిట్ ఓడలు 1879 నుంచి 1916 దాకా నడిచాయి, మద్రాసు నుంచి 1903లో మొదలయ్యాయి. అక్కడ అదే మాటను చివర ఒక 'యు'తో నాయుడు అనే రాస్తారు. 1987 సైనిక తిరుగుబాటు తర్వాత ఫిజీ భారతీయులు ఎంతోమంది ఆక్లాండ్, సిడ్నీ, వాంకూవర్ చేరారు. దక్షిణాఫ్రికా నుంచి నైడూలు ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, కెనడా వెళ్లారు. జర్మనీలో మాన్‌హైమ్‌లో పుట్టిన గాయకుడు జేవియర్ నైడూ పేరు వెనక కూడా దక్షిణాఫ్రికా ఉంది. మలేషియాలో పేరు తర్వాత ఫలానావారి కొడుకు, కూతురు అని రాసే పద్ధతి కాబట్టి ఈ మాట అంతగా వంశనామంగా గట్టిపడలేదు. మరి ఇప్పుడు ఉద్యోగాలకు అమెరికా వెళ్తున్న ఆంధ్రా నాయుళ్లు? వాళ్ల పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో సాధారణంగా ఇంటిపేరే ఉంటుంది, నాయుడు పేరులో కలిసి ఉంటుంది. ఒకే మాట ఒకరికి ఈ గడిలో, ఇంకొకరికి ఆ గడిలో. రెండు 'ఓ'లు కనబడితే నేటాల్ వైపు, 'యు' కనబడితే ఫిజీయో నేరుగా ఇంటినుంచో అని నేనొక లెక్క వేసుకుంటాను. అన్నిసార్లూ అది నిజం కాదు.

నేటాల్ తెలుగువాళ్లు ఊరికే లేరు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని, బడి తర్వాత పిల్లలకు అక్షరాలు నేర్పుకున్నారు. వర్ణవివక్ష పోయాక వచ్చిన 1996 రాజ్యాంగం, ఆ దేశంలో గౌరవించాల్సిన సమాజ భాషల్లో తెలుగును కూడా పేర్కొంది. ఇంగ్లీషు ప్రతిలో దాన్ని 'టెలెగు' అని అచ్చువేశారు.

ఇప్పుడు అక్కడి నాలుగో అయిదో తరంవాళ్లు ఓడ జాబితాలు తిరగేస్తున్నారు. ముత్తాత నంబరు దొరికితే చాలావరకు దొరికినట్టే. జిల్లా తెలుస్తుంది, తాణా తెలుస్తుంది. ఇంగ్లీషు స్పెల్లింగు కుస్తీ పడితే ఊరు కూడా తెలుస్తుంది. ఆ కాగితం పట్టుకుని విశాఖ వైపు ఏ ఊరో దిగితే, అరుగు మీద కూర్చున్న పెద్దాయన మొదట అడిగేది "మీ ఇంటిపేరేంటి బాబూ?" అనే. వచ్చినాయన నైడూ అంటాడు. పెద్దాయన నవ్వి, "నాయుళ్లు ఊళ్లో సగం మంది. ఇంటిపేరు చెప్పు" అంటాడు.