పాపం కడిగే రేవులు

ఒళ్ళు కడుక్కోవడం, మనసులోని పాపభారాన్ని వదిలించుకోవడం కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో ఒకే నదీస్నానంలో జరిగిపోయే పనులు. గద్వాల జిల్లాలో తుంగభద్ర ఒడ్డున ఉన్న అలంపురంలో బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో నవబ్రహ్మ ఆలయాలు కట్టించారు. ఆ ఊరి దగ్గరే పాపనాశి గుళ్ళు వెలిశాయి. అక్కడి రేవులో మునిగితే పాపాలు పోతాయని భక్తుల నమ్మకం.

మునక పద్ధతి చాలా సులువు. నడుములోతు నీళ్ళలో నిలబడి, పురోహితుడు చెప్పించినట్టు గోత్రం, పేరు పలికి సంకల్పం చెప్పుకుంటారు. మూడు మునకలు వేసి, దోసిలితో సూర్యుడికి అర్ఘ్యం వదులుతారు. చేసిన తప్పేమిటో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. ఈ ఆచారం ఇన్నాళ్ళు నిలవడానికి ఆ వెసులుబాటే ముఖ్య కారణమనిపిస్తుంది.

శ్రీశైలం జలాశయం ఈ రేవులను తలకిందులు చేసింది. ముంపు భయంతో పాపనాశి గుళ్ళను, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం వైపు తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల ఆలయాలనూ అలాగే మెరకకు చేర్చారు.

గుళ్ళు కదిలినా మునకలు ఆగలేదు. 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగిన కృష్ణా పుష్కరాల్లో బీచుపల్లి, వనపర్తి వైపు రంగాపురం, సోమశిల ఘాట్లు కిటకిటలాడాయి. అప్పటికివన్నీ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. కొత్త జిల్లాలు ఆ అక్టోబరులో ఏర్పడ్డాయి. 2020 నవంబరులో మొదలైన తుంగభద్ర పుష్కరాలు కరోనా ఆంక్షల నడుమ సాగాయి. కృష్ణకు మళ్ళీ పుష్కరాలు 2028లో వస్తాయి.